నీళ్ల మాత్ర ఎట్లా వాడాలి: మందుల షాపు కౌంటర్ వెనక నుంచి ఒక సమగ్ర మార్గదర్శి

మొన్న ఉరవకొండ వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చి జేబులోంచి చిన్న రేకు ముక్క తీసి కౌంటర్ మీద పెట్టాడు. కత్తెరతో చుట్టూ కత్తిరించిన ముక్క, లోపల ఒక్కటే మాత్ర, పేరు లేదు, తేదీ లేదు. "అప్పా, ఈ నీళ్ల మాత్ర ఒక షీటు ఇయ్యి" అన్నాడు. ఏ నీళ్ల మాత్ర పెద్దాయనా అని అడిగితే "అదేప్పా, తెల్లగా ఉంటుంది చూడు" అన్నాడు. నీళ్ల మాత్రలని జనం పిలిచేవి నా షాపులో అరడజను పైనే ఉన్నాయి. ఒకటి ఒంట్లో పొటాషియం (గుండె లయ సరిగా ఉండటానికి కావాల్సిన లవణం) తగ్గిస్తుంది, ఇంకొకటి పెంచుతుంది. ఒకటి గంటలోపే పని మొదలుపెడితే ఇంకొకదానికి రెండు మూడు రోజులు పడుతుంది. ఒకదాని బదులు ఒకటి ఇస్తే మనిషి ఆసుపత్రిలో తేలతాడు.

పద్నాలుగేళ్లుగా అనంతపురంలో మందుల షాపు నడుపుతున్నాను, బీ ఫార్మసీ చదివాను, డాక్టర్ని కాను. అందుకని ఎవరు ఎంత డోసు వేసుకోవాలో ఇక్కడ చెప్పను, అది మీ డాక్టరు చీటీలో ఉంటుంది. చీటీ తీసుకుని ఇంటికెళ్లాక ఏం చేయాలి, జనం ఎక్కడ దెబ్బతింటున్నారు, అది చెబుతాను. ఓపీలో జనం క్యూ కట్టి ఉంటే డాక్టర్లకు ఇవన్నీ చెప్పే తీరిక ఉండదు, సాయంత్రం రద్దీలో మాకూ ఉండదు.

ముందు ఒక్క సంగతి పట్టుకోండి. నీళ్ల మాత్ర అంటాం గానీ ఇది తీసేది ఉప్పును. కిడ్నీలు రక్తాన్ని వడపోసి, ఆ వడపోతలో దిగిన ఉప్పును దాదాపు మొత్తం మళ్లీ ఒంట్లోకి లాక్కుంటాయి. ఈ మాత్ర అక్కడ అడ్డం పడుతుంది. ఉప్పు మూత్రంలోకి పోతుంది, దాని వెంట నీరు పోతుంది. ఊరగాయ తింటే మాత్ర ఎందుకు పారదు, మే నెలలో చెమట కారుతుంటే కళ్లెందుకు తిరుగుతాయి, నీరసానికి ఎక్కించే సెలైన్ కొందరికి ఎందుకు ప్రమాదం, అన్నిటికీ జవాబు ఆ ఉప్పు లెక్కలోనే దొరుకుతుంది.

1. షీటు మీద పేరు చదవండి

మెరిసే అక్షరాల బ్రాండు పేరు కింద సన్నగా ఇంకో పేరు ఉంటుంది, చూడాల్సింది దాన్ని. కళ్లు కనబడకపోతే ఇంట్లో చదువుకునే పిల్లల చేత చదివించి, ఒక కాగితం మీద తెలుగులో రాయించి మందుల డబ్బా మూతకు అంటించుకోండి.

ఫ్యూరోసెమైడ్, టార్సెమైడ్ అని ఉంటే అవి గట్టి రకం. లాసిక్స్, డైటార్ అనే పేర్లతో మీకు తెలిసినవే. గుండె, కిడ్నీ, కాలేయం వల్ల నీరు చేరినప్పుడు ఎక్కువగా ఇవే రాస్తారు. లాసిక్స్ మాత్ర వేసుకున్న గంటలోపు మొదలై ఆరు గంటల దాకా పని చేస్తుంది, ఆ ఆరు గంటల లెక్కతోనే ఆ పేరు పెట్టారని అంటారు. ఇక్కడ జనం పొరబడే చోటు ఒకటుంది. లాసిక్స్ 40 వాడేవాళ్లకు డాక్టరు డైటార్ 10 రాస్తే "డోసు తగ్గించినాడు" అనుకుని పాత షీటులో మిగిలినవి కూడా కలిపి వేసుకుంటారు. రెండూ వేర్వేరు మందులు, వాటి మిల్లీగ్రాములను పక్కపక్కన పెట్టి పోల్చకూడదు.

హైడ్రోక్లోరోథయజైడ్, క్లోర్‌థాలిడోన్, ఇండాపమైడ్ అని ఉంటే అవి నిదానం రకం, థయజైడ్ రకం అని కూడా అంటారు, ముఖ్యంగా బీపీకి ఇస్తారు. చాలామందికి ఇవి వాడుతున్న సంగతే తెలియదు, ఎందుకంటే బీపీ మాత్రలోనే కలిసి ఉంటాయి. టెల్మా-హెచ్‌లో చివరి 'హెచ్' అంటే ఈ హైడ్రోక్లోరోథయజైడే. "నేను బీపీ మాత్ర తప్ప వేరేదేం వాడను" అనే మనిషి కూడా నీళ్ల మాత్ర వాడుతుండొచ్చు. ఈ రకం మొదటి వారాల్లో మూత్రం కొంచెం ఎక్కువ చేస్తుంది, ఆ తర్వాత మూత్రం మామూలైపోతుంది గానీ రక్తనాళాలు సడలి బీపీ తగ్గుతూనే ఉంటుంది. అందుకే "ఒంటికి ఎక్కువ పోవడంలేదు, మందు పని చేయడం ఆగిపాయె" అని మానేయకండి, బీపీ మిషను చూసి మాట్లాడండి. పాత మందు, రేటు తక్కువ అని చులకనా వద్దు. అమెరికాలో 33 వేల మందికి పైగా బీపీ రోగుల మీద జరిగి, 2002లో ఫలితాలు వెలువడిన ఆల్‌హ్యాట్ పరిశోధనలో, గుండెపోట్లు ఆపడంలో ఖరీదైన కొత్త మందులు ఈ క్లోర్‌థాలిడోన్‌ను దాటలేకపోయాయి.

మూడోది స్పైరనోలాక్టోన్, ఆల్డక్టోన్ పేరుతో వస్తుంది. నీటిని కొద్దిగానే తీస్తుంది, పొటాషియంను మాత్రం ఒంట్లోనే ఉంచేస్తుంది. లాసిలాక్టోన్, డైటార్ ప్లస్ లాంటివి గట్టి రకాన్నీ దీన్నీ కలిపి చేసినవి, కాబట్టి 'ప్లస్' ఉందా లేదా అన్నది చిన్న విషయం కాదు. కొనేటప్పుడు ఆ అక్షరాలు చూసి కొనండి.

2. వాపు ఎందుకొచ్చిందో తేలకుండా మాత్ర వేయకండి

వారానికి ఇద్దరు ముగ్గురైనా వస్తారు: "అన్నా, మా అమ్మకు కాళ్లు వాచినాయి, నీళ్ల మాత్ర రెండియ్యి." నేను ఇవ్వను, కొందరు అలిగి పక్క షాపుకు పోతారు.

కాలు వాపుకు కారణాలు ఎన్నో ఉన్నాయి. బొటనవేలితో ఎముక మీద నొక్కిపట్టి తీస్తే గుంట పడి నిలిచిందంటే నీరు చేరిందని అర్థం, ఎందుకు చేరిందో మాత్రం ఆ గుంట చెప్పదు. పొద్దున లేవగానే కళ్ల కింద ముఖం ఉబ్బి, మూత్రంలో నురుగు నిలుస్తుంటే కిడ్నీ చూపించుకోవాలి. కాళ్లకు తోడు పడుకుంటే ఆయాసం వస్తుంటే గుండె. పొట్ట ఉబ్బి కళ్లు పచ్చబడితే కాలేయం. ఒక్క కాలే వాచి, పిక్క నొప్పిగా వేడిగా ఉంటే లోపలి సిరలో రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు, అది ఆ రోజే ఆసుపత్రికి పోవాల్సిన సంగతి, నీళ్ల మాత్రతో దానికి మేలేమీ లేదు. రక్తం బాగా తక్కువైనా, థైరాయిడ్ ఉన్నా, బోదకాలు మొదలైనా, కాలి సిరలు ఉబ్బినా వాపు వస్తుంది. గర్భిణికి వాపుతో పాటు తలనొప్పి, చూపు మసకబారడం ఉంటే ఇంట్లో ఏ మాత్రా వేయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

మందుల వల్ల వచ్చే వాపు సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే నా కౌంటర్ దగ్గర ఎక్కువ కనిపించేది అదే. ఆమ్లోడిపిన్ మంచి బీపీ మందు, కానీ కొందరికి, ముఖ్యంగా 10 మిల్లీగ్రాముల డోసులో, సాయంత్రానికి చీలమండలు ఉబ్బుతాయి. అక్కడ ఒంట్లో నీరు ఎక్కువేం కాలేదు, సన్న రక్తనాళాలు వెడల్పై చర్మం కిందికి నీరు ఊరింది, అంతే. దానికి నీళ్ల మాత్ర వేస్తే వాపు పెద్దగా తగ్గదు, మనిషి మాత్రం లోపల ఎండిపోతాడు. ఆ మనిషికి నీరసం, ఆ నీరసానికి బలం మాత్రలు, కాళ్లు పట్టేస్తున్నాయని నొప్పి మాత్రలు. ఒక మాత్ర వల్ల ఇంకో మాత్ర ఇట్లా తోడవుతూ పోతుంది. షుగరుకు వాడే పయోగ్లిటజోన్, నరాల తిమ్మిరికి వాడే ప్రీగాబలిన్, ఆయాసానికీ కీళ్లకూ వాడే స్టెరాయిడ్ మాత్రలు కూడా వాపు తెస్తాయి. కాబట్టి వాపు మొదలయ్యే ముందు నెలా రెండు నెలల్లో కొత్తగా ఏ మందు చేరిందో గుర్తు తెచ్చుకుని డాక్టరుకు చెప్పండి. మీ అంతట మీరు ఆ మందు ఆపొద్దు, బీపీ మందు ఆపితే బీపీ మళ్లీ పెరుగుతుంది.

3. మొదటి మాత్రకు ముందు

డాక్టరుకు ఈ నాలుగూ చెప్పారో లేదో చూసుకోండి: గతంలో సల్ఫా మందులు పడక దద్దుర్లు వచ్చాయా, బొటనవేలు ఎర్రగా వాచి గౌట్ వచ్చిందా, మూత్రం ఆగి ఆగి వచ్చే ప్రొస్టేట్ సమస్య ఉందా, మానసిక జబ్బుకు లిథియం వాడుతున్నారా. లిథియం ఉన్నవాళ్లకు ఈ మాత్రల వల్ల అది రక్తంలో పేరుకుని విషమయ్యే ప్రమాదం ఉంది. సోడియం (ఉప్పులో ఉండేది), పొటాషియం, క్రియాటినిన్ (కిడ్నీ ఎట్లా పని చేస్తుందో చెప్పేది) పరీక్షలు మొదలుపెట్టే ముందే ఒకసారి చేయించుకుంటే తర్వాత పోల్చుకోవడానికి లెక్క ఉంటుంది.

4. ఏ టైముకు వేసుకోవాలి

పొద్దున. రెండు పూటలు రాస్తే రెండోది మధ్యాహ్నం రెండు మూడు గంటల లోపు. రాత్రి అన్నం తిన్నాక మిగతా మాత్రలతో కలిపి మింగేస్తే అర్ధరాత్రి మూడుసార్లు లేవాలి, చీకట్లో మంచం దిగి గబగబా పోయేటప్పుడు తల తూలి పడతారు. తుంటి ఎముక విరిగి మంచాన పడిన పెద్దవాళ్లలో ఇట్లా రాత్రి మూత్రానికి లేచి పడినవాళ్లు నాకు తెలిసే ఉన్నారు.

చెప్పినంత సులువుగా ఇది జరగదని నాకూ తెలుసు. చెనిక్కాయ చేలో కలుపు తీయడానికి పొద్దున్నే ఆరింటికి ఆటో ఎక్కే ఆడమనిషి, మాత్ర వేసుకుంటే చేలో ఎక్కడికి పోవాలి? కళ్యాణదుర్గం నుంచి గంటన్నర బస్సులో ఆసుపత్రికొచ్చే ముసలావిడ, బెంగళూరు బస్సులో నాలుగైదు గంటలు కూర్చోవాల్సిన ఆయన, వీళ్లందరూ చేసే పని ఒకటే: ఆ రోజు మాత్ర మానేస్తారు, అడిగితే "వేసుకుంటాండా" అంటారు. కొందరు నీళ్లు తాగడమూ మానేస్తారు, అది ఇంకా చెడ్డది. మానేయకుండా టైము జరుపుకోండి. గట్టి రకం మాత్రయితే మొదటి రెండు మూడు గంటలే ఉధృతం, కాబట్టి పని నుంచో ప్రయాణం నుంచో ఇంటికొచ్చాక మధ్యాహ్నం వేసుకోవచ్చా అని డాక్టర్ని ముందే అడిగి పెట్టుకోండి. చాలామంది డాక్టర్లు సరేనంటారు, అడిగేవాళ్లే తక్కువ. తిరుమల క్యూ లైన్లో నిలబడే రోజుకూ ఇదే ఏర్పాటు.

రంజాన్ నెలలో ఉపవాసం ఉండేవాళ్లు నెల మొదలవడానికి రెండు మూడు వారాల ముందే డాక్టర్ని కలవాలి. సహరీ టైములో నీళ్ల మాత్ర వేసుకుని పగలంతా చుక్క నీరు లేకుండా ఎండలో తిరిగితే మధ్యాహ్నానికి కళ్లు బైర్లు కమ్ముతాయి. కొందరికి ఇఫ్తార్ తర్వాతకు మారుస్తారు, కొందరికి డోసు తగ్గిస్తారు, గుండె బాగా బలహీనంగా ఉన్నవాళ్లకు ఉపవాసమే వద్దంటారు. శివరాత్రి రోజు పచ్చి గంగ ముట్టనివాళ్లకూ ఇదే మాట.

పొద్దున మరిచిపోతే? మధ్యాహ్నం లోపు గుర్తొస్తే వేసుకోండి. సాయంత్రం గుర్తొస్తే ఆ రోజుకు వదిలేయండి, మర్నాడు మామూలుగా ఒక్కటే. రెండు కలిపి మింగకండి.

5. తూకం, బీపీ, ఒక నోటు పుస్తకం

వాపు కోసం వాడేవాళ్లకు అద్దం కంటే తూకం మిషను నిజం చెబుతుంది. కాళ్లలో వాపు కంటికి కనిపించేసరికే ఒంట్లో రెండు మూడు లీటర్లు చేరి ఉంటుంది. రోజూ పొద్దున లేచి ఒంటికి పోయొచ్చి, టిఫిన్ తినకముందు, ఒకే రకం బట్టలతో, ఒకే మిషను మీద నిలబడి, అంకె రాసుకోండి. గచ్చు నేల మీద పెట్టండి, చాప మీద పెడితే అంకె తప్పొస్తుంది. ఒక్క రోజులో కిలో పైన, లేదా మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది కొవ్వు కాదు, అంత వేగంగా కొవ్వు ఎవరికీ పట్టదు. ఆ రోజే డాక్టరుకు ఫోన్ చేయండి. అదే వేగంతో తగ్గుతూ పోయి, నోరు ఎండి, లేస్తే తల తిరుగుతుంటే మాత్ర అవసరానికి మించి లాగుతోందని, దానికీ ఫోన్ చేయాల్సిందే.

బీపీ చూసుకునే ముందు అయిదు నిమిషాలు వీపు ఆనించి కూర్చోవాలి, పాదాలు నేలకు ఆనాలి, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. అరగంట ముందు నుంచి టీ, బీడీ వద్దు. నిమిషం తేడాతో రెండుసార్లు చూసి రెండూ రాయండి. ఇంట్లో చూసినప్పుడు 135/85 పైన నిలకడగా ఉంటే ఎక్కువని లెక్క. నీళ్ల మాత్ర వాడేవాళ్లకు ఇంకో పరీక్ష కూడా ఉంది: కూర్చుని ఒకసారి చూశాక లేచి నిలబడి మూడు నిమిషాల లోపు మళ్లీ చూడండి. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ పడిపోతే, ఆ మనిషి బాత్రూములో పడిపోయేదాకా ఆగకుండా డాక్టరుకు చూపించాలి. మిషను లేకపోతే ఊర్లో ఏఎన్ఎం దగ్గర చూపించుకోండి, వారానికి రెండుసార్లయినా పరవాలేదు.

6. ఉప్పు

ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది మనిషికి రోజుకు 5 గ్రాముల లోపు, అంటే తల కొట్టిన ఒక టీ స్పూను, అన్నీ కలిపి. దీన్ని రోజూ స్పూనుతో ఎవరు కొలుస్తారు? నేను ఇంకోలా చెబుతుంటాను. నలుగురున్న ఇంట్లో రోజుకు 20 గ్రాములు, అంటే కిలో ప్యాకెట్టు 50 రోజులు రావాలి. మీ ఇంట్లో ఎన్ని రోజులొస్తుందో ప్యాకెట్టు విప్పిన తేదీ దాని మీదే రాసి చూడండి. మా ఇంట్లో మొదటిసారి చూసినప్పుడు 23 రోజులొచ్చింది, అదీ ఊరగాయ లెక్కలోకి తీసుకోకుండా.

మన తిండిలో మంచి సంగతి ఏందంటే రాగి సంగటిలో, జొన్న రొట్టెలో ఉప్పు వేయకపోయినా నడుస్తుంది, పక్కనున్న పప్పులో, ఊరుబిండిలో ఉప్పు తగిలితే చాలు. చిక్కంతా ఆ పక్కనుండేవాటితోనే. ఆవకాయ, ఊరమిరపకాయలు, అప్పడాలు, వడియాలు, ఎండు చేపలు, బేకరీ సరుకు, ఉప్పు చల్లిన బొరుగుల మిక్చరు. కడుపుబ్బరానికి నీళ్లలో కలుపుకుని తాగే పొడుల్లోనూ, బజ్జీల పిండిలో వేసే సోడాలోనూ సోడియమే ఉంది. సైంధవ లవణమయినా, కల్లుప్పయినా ఒంట్లోకి పోయాక ఉప్పే. ఉప్పు అట్లే తింటూ మాత్ర వేసుకోవడమంటే ఒకపక్క బోరు నుంచి నీళ్లు వదులుతూ ఇంకోపక్క గుంటను బక్కెట్టుతో తోడినట్టు.

ఉప్పు తగ్గించాలని అంగట్లో దొరికే తక్కువ సోడియం ఉప్పు కొనేవాళ్లు ఈ పేరా రెండుసార్లు చదవండి. అందులో తగ్గించిన సోడియం బదులు పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. స్పైరనోలాక్టోన్ వాడేవాళ్లు, కిడ్నీ దెబ్బతిన్నవాళ్లు, టెల్మిసార్టాన్, లొసార్టాన్, రామిప్రిల్, ఎనలాప్రిల్ లాంటి బీపీ మందులు వాడేవాళ్లు డాక్టర్ని అడగకుండా అది వాడితే రక్తంలో పొటాషియం పెరిగి గుండె లయ తప్పొచ్చు. కొబ్బరినీళ్ల సంగతీ అదే. పొటాషియం తగ్గించే ఫ్యూరోసెమైడ్, థయజైడ్ ఒక్కటే వాడుతూ కిడ్నీలు బాగున్నవాళ్లకు అరటిపండు, ఆకుకూరలు మేలు చేస్తాయి. స్పైరనోలాక్టోన్ వాడేవాళ్లు మాత్రం పక్కింటాయన తాగుతున్నాడని రోజూ కొబ్బరి బోండాం కొట్టించుకోకూడదు.

నీళ్లెన్ని తాగాలి అన్నదానికి అందరికీ ఒకే లెక్క లేదు. గుండె బలహీనంగా ఉండి వాపున్నవాళ్లకు కొందరు డాక్టర్లు రోజుకు లీటరున్నర, రెండు లీటర్లని హద్దు పెడతారు. అట్లా చెప్పి ఉంటే ఒక లీటరు సీసా పెట్టుకుని, మజ్జిగ, టీ, రసం కూడా ఆ లెక్కలోనే వేయండి. బీపీకి మాత్రమే వాడేవాళ్లకు ఆ హద్దు అక్కర్లేదు.

7. దీంతో కలపకూడనివి

నొప్పి మాత్రలు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్, ఏ పేరుతో వచ్చినా సరే. అవి ఒంట్లో ఉప్పును నిలబెడతాయి, కిడ్నీకి పోయే రక్తం తగ్గిస్తాయి. నీళ్ల మాత్ర, 'సార్టాన్' లేదా 'ప్రిల్' అని పేరు ముగిసే బీపీ మాత్ర, దాని మీద నొప్పి మాత్ర, ఈ మూడూ కలిస్తే కిడ్నీ చేతులెత్తేయొచ్చు.

ఇది పుస్తకంలో చదివీ నేను చేసిన తప్పు ఒకటుంది. షాపు పెట్టిన కొత్తలో మా పెద్దమ్మ మోకాళ్ల నొప్పులంటే పది రోజులకు డైక్లోఫెనాక్ నేనే ఇచ్చాను. ఆమె వాడే బీపీ మాత్ర చివర 'హెచ్' ఉందని నాకు తెలుసు, ప్రతి నెలా దాన్ని ఇచ్చేదీ నేనే. రెండో వారానికి కాళ్లు వాచాయి, అన్నం సహించలేదు, పరీక్ష చేయిస్తే 1.1 ఉండే క్రియాటినిన్ 2.4 అయి కూర్చుంది. నొప్పి మాత్ర ఆపించి డాక్టరు జాగ్రత్తగా చూశాక నెల రోజులకు దిగొచ్చింది. ఆమె నన్ను ఒక్క మాట కూడా అనలేదు, "నువ్విచ్చింది గదా నాయనా, మంచిదే అనుకొంటి" అంది, అంతే. అప్పటినుంచి నొప్పి మాత్ర అడిగిన ప్రతివాళ్లనూ బీపీ మాత్ర షీటు చూపించమంటాను. నొప్పికి పారాసిటమాల్, పైన రాసుకునే మందు లాంటివి వాడొచ్చా అని అడగండి.

రెండోది సెలైన్. ఎండకు నీరసంగా ఉందని ఊర్లో బాటిల్ ఎక్కించుకోవడం మనకు టీ తాగినంత మామూలు. అర లీటరు సెలైన్‌లో 4.5 గ్రాముల ఉప్పుంది, దాదాపు రోజంతా తినాల్సిన ఉప్పు ఒక్క గంటలో నేరుగా రక్తంలోకి పోతుంది. గుండె బలహీనంగా ఉండి నీళ్ల మాత్ర వాడే మనిషికి ఆ రాత్రి ఆయాసం వచ్చి కూర్చోబెట్టుకోవాల్సి వస్తుంది. బాటిల్ పెట్టేవాళ్లెవరైనా సరే, సూది గుచ్చకముందే "నేను గుండెకు నీళ్ల మాత్ర వాడుతున్నా" అని చెప్పండి.

ఇంకా, గుండెకు డిగాక్సిన్ వాడేవాళ్లకు పొటాషియం తగ్గితే ఆ మందు విషమవుతుంది. దగ్గుకు చప్పరించే అతిమధురం ఎక్కువైతే పొటాషియం తగ్గి బీపీ పెరుగుతుంది. సారా, బ్రాందీ సంగతి చెప్పక్కర్లేదు, లేచి నిలబడితే పడిపోవడమే. బరువు తగ్గుతామని ఈ మాత్రలు కొనడానికొచ్చే కుర్రవాళ్లూ ఉన్నారు. తగ్గేది నీరు, నీళ్లు తాగగానే బరువు మళ్లీ వస్తుంది, మధ్యలో గుండె లయ తప్పితే వచ్చేది వేరే.

8. ఎండాకాలం, వాంతులు, విరేచనాలు

ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన పడే జిల్లా మనది, మార్చి నుంచి జూన్ దాకా చెమట రూపంలో నీరూ ఉప్పూ రెండూ పోతుంటాయి. శీతాకాలంలో సరిగ్గా సరిపోయిన డోసు మే నెలలో ఎక్కువైపోవచ్చు. మాత్ర అదే, మనిషి అదే, ఒంట్లో ఉప్పూ నీరూ మాత్రం అంత లేవు. అందుకే ఉగాది దాటాక ఒకసారి డాక్టరు దగ్గరికి పోయి తూకం పుస్తకం, బీపీ పుస్తకం చూపించి "ఎండాకాలానికి డోసు ఇట్లే ఉండాలా" అని అడగండి. కొందరికి తగ్గిస్తారు, కొందరికి అట్లే ఉంచుతారు.

వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజు ఇంకా జాగ్రత్త. ఒకపక్క ఒంట్లోంచి నీరు కారిపోతుంటే ఇంకోపక్క పొద్దున్నే అలవాటుగా మాత్ర మింగేస్తారు. ఇట్లాంటి రోజుల్లో నీళ్ల మాత్ర, సార్టాన్ లేదా ప్రిల్ రకం బీపీ మాత్ర, షుగరుకు మెట్‌ఫార్మిన్, వీటిని తాత్కాలికంగా ఆపమని చాలామంది డాక్టర్లు చెబుతారు, మామూలుగా తిని తాగడం మొదలయ్యాక ఒకటి రెండు రోజులకు మళ్లీ మొదలుపెట్టమంటారు. కానీ గుండె జబ్బు బాగా ముదిరినవాళ్లకు ఆపడమే ప్రమాదం కావచ్చు. కాబట్టి ఒంట్లో బాగున్నప్పుడే, ఈ నెల చెకప్‌లోనే అడిగి చీటీ వెనక రాయించుకోండి: "విరేచనాలయితే ఏది ఆపాలి, ఎన్ని రోజులు, ఎవరికి ఫోన్ చేయాలి." అర్ధరాత్రి విరేచనాలు పట్టుకున్నాక అడగడానికి ఎవరూ దొరకరు. విరేచనాలప్పుడు ఓఆర్ఎస్ ప్యాకెట్టు మీద రాసినంత నీటిలోనే కలిపి కొంచెం కొంచెంగా తాగాలి. నీటికి హద్దు పెట్టిన గుండె రోగులు ఎంత తాగాలో ఫోన్‌లో అడగాలి. బాగున్న రోజుల్లో ఎండకు మంచిదని రోజూ ఓఆర్ఎస్ తాగితే అది మళ్లీ ఉప్పే.

దీనికి తిరగబడ్డ ప్రమాదం కూడా ఉంది, ఇది ఎక్కువగా పెద్ద వయసు ఆడవాళ్లలో, థయజైడ్ రకం వాడేవాళ్లలో వస్తుంది. మాత్ర ఉప్పును తీసేస్తుంటుంది, ఎండకు వీళ్లు చప్పటి నీళ్లు చెంబులకు చెంబులు తాగుతుంటారు, తిండి సరిగా తినరు. రక్తంలో సోడియం పలచబడిపోతుంది. మనిషి మత్తుగా ఉంటుంది, మాట తడబడుతుంది, కొడుకును పట్టుకుని నువ్వెవరు అంటుంది, నడిస్తే తూలుతుంది. ఇంట్లోవాళ్లు వయసు మీద పడి మతిమరుపు వచ్చిందనో, గాలి సోకిందనో అనుకుని రెండు రోజులు పోగొడతారు. నీళ్ల మాత్ర వాడే మనిషికి ఉన్నట్టుండి తికమక వస్తే మొదట చేయించాల్సిన పరీక్ష సోడియం. ఉప్పు నీళ్లు పట్టించి ఇంట్లో సరిచేయాలని చూడకండి, సోడియం మరీ వేగంగా పెరిగినా మెదడు దెబ్బతింటుంది, దాన్ని ఆసుపత్రిలోనే లెక్క ప్రకారం పెంచాలి.

9. రక్త పరీక్షలు

మొదలుపెట్టాక, డోసు మార్చాక ఒకటి రెండు వారాలకు ఒకసారి. అంతా నిలకడగా ఉంటే ఆ తర్వాత మూడు నుంచి ఆరు నెలలకోసారి, స్పైరనోలాక్టోన్ ఉంటే డాక్టరు ఇంకా దగ్గరదగ్గరగా రాస్తారు. సోడియం 135 నుంచి 145, పొటాషియం 3.5 నుంచి 5 మధ్య ఉండాలి. క్రియాటినిన్‌ను మీ పాత అంకెతో పోల్చాలి, అందుకే పాత రిపోర్టులు పారేయకండి. షుగరు, యూరిక్ యాసిడ్ కొందరికి కొంచెం పెరుగుతాయి, అవీ అప్పుడప్పుడు చూడాలి. ప్రైవేటు ల్యాబు భారమైతే సర్వజనాసుపత్రి ఓపీలో రాయించుకుని చేయించుకోవచ్చు.

10. ఎప్పుడు ఎటు పరుగెత్తాలి

పడుకుంటే ఊపిరాడక కూర్చోవాల్సి రావడం, దగ్గితే గులాబీ రంగు నురుగు పడటం, ఛాతీ నొప్పి, స్పృహ తప్పడం, ఫిట్స్, ఉన్నట్టుండి తికమక, గుండె దడదడలాడుతూ కాళ్లూ చేతులూ పట్టు తప్పడం, పొద్దున్నుంచి సాయంత్రం దాకా చుక్క మూత్రం రాకపోవడం. వీటిలో ఏదొచ్చినా 108కి ఫోన్ చేయండి, వెళ్లేటప్పుడు మందుల డబ్బా మొత్తం సంచిలో వేసుకుని వెళ్లండి.

పిక్కలు పట్టేయడం, నోరు ఎండటం, లేస్తే కళ్లు తిరగడం, బొటనవేలు వాచి దుప్పటి తగిలినా ఓర్చుకోలేని నొప్పి, ఒంటి మీద దద్దుర్లు, ఇవి ఒకటి రెండు రోజుల్లో డాక్టరుకు చెప్పాల్సినవి. స్పైరనోలాక్టోన్ వాడే మగవాళ్లకు రొమ్ము దగ్గర నొప్పి, ఉబ్బు రావచ్చు. సిగ్గుపడి చెప్పకుండా మాత్ర మానేసిన ఒకాయన నెల తిరక్కుండా ఆయాసంతో ఆసుపత్రిలో చేరాడు. చెప్పి ఉంటే ఎప్లెరినోన్‌కు మార్చేవాళ్లు, దాంతో ఆ బాధ చాలా తక్కువ.

11. ఆపడం, మిగిలిన మాత్రలు

వాపు దిగింది, ఇంక ఎందుకని ఆపేయడం అన్నిటికంటే ఎక్కువ చూస్తాను. కొందరికి నిజంగానే కొన్నాళ్లకే రాస్తారు, అట్లాంటప్పుడు చీటీలో ఎన్ని రోజులో ఉంటుంది. గుండెకో బీపీకో రాసినది మాత్రం డాక్టరు ఆపమనేదాకా ఉండాల్సిందే, వాపు దిగింది మాత్ర వల్లే కాబట్టి. డాక్టరు ఆపించాక మిగిలిన షీటును "ఎవరికైనా పనికొస్తుంది" అని అల్మరాలో దాచకండి, పక్కింటావిడ కాళ్లు వాచినప్పుడు అది సరిగ్గా బయటికొస్తుంది.

షీటు కత్తిరించేటప్పుడు పేరూ తేదీ ఉన్న కొసను ముందు వాడకుండా చివరిదాకా ఉంచండి. అదీ కుదరకపోతే కొత్త షీటు కొన్న రోజే దాని ఫోటో ఒకటి ఫోన్‌లో తీసి పెట్టుకోండి. ఉరవకొండ పెద్దాయన ఆ రోజు నా మాట విని ఇంటికి ఫోన్ చేయించి, మనవడి చేత పాత చీటీ ఫోటో తెప్పించాడు. ఆయన వాడుతున్నది లాసిలాక్టోన్, నేను చేతిలోకి తీసుకుని ఉన్నది లాసిక్స్.